గోటి మందం

పాత సామాన్ల కొట్లో తూకానికే ఇచ్చారు,
జత పద్దెనిమిది కిలోలు.
మిర్చి యార్డు దగ్గర ఏదో కమీషన్ కొట్టు మేడ మీద
ముప్పై ఏళ్లు పాడాయంట.
ఆటోలో ఒకటి నా ఒళ్లో, ఒకటి కాళ్ల సందున.
అరండల్‌పేట బ్రిడ్జి ఎక్కేసరికి
నాకూ డ్రైవరుకూ ఒకేసారి తుమ్ములు.

ముందు గుడ్డ ఊడదీసి దులిపితే
డాబా అంతా ఘాటు.
బిళ్ల మీద జర్మనీ పేరు.
వెనక చెక్క విప్పితే లోపల మన దూది,
గింజ కూడా సరిగా తియ్యని పత్తి.
ఓ మూల పెన్సిల్‌తో "ఎడం" అని రాసి,
కొట్టేసి, "కుడి" అని రాసి ఉంది.
ఎవరో మన వడ్రంగే.

లాలాపేట నాగూర్ మేస్త్రి
పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి,
వేలి గోరు చూపించాడు.
"పైన టేకు పొర ఇంత మందం.
దాని కింద ఉత్త చెక్క.
పాత పాలిష్‌ని స్పిరిట్‌తో నానబెట్టు, తుడువు.
నార వెంబడే రుద్దు, అడ్డం పోకు."
విన్నాను.
విన్నాననే అనుకున్నాను.

పెట్టె నెత్తిన ఒక టీ గ్లాసు మచ్చ.
ఏ గుమస్తానో బేరం తెగేదాకా
గ్లాసు తియ్యడం మర్చిపోయి ఉంటాడు.
ఆ నల్ల గుండ్రం కోసం
ఆదివారం పొద్దున కొరిటెపాడు డాబా మీద
గరుకు కాగితం పట్టుకుని
ఇంకొంచెం,
ఇంకొక్క కొంచెం.
పాలు పొంగిపోయాక పొయ్యి ఆపినట్టు
చెయ్యి ఆగింది.
టేకు మధ్యలో రూపాయి బిళ్లంత
పాలిపోయిన ఉత్త చెక్క.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు.
"పెట్టెకి జ్వరమా, దుప్పటి కప్పావు?"
అంది కరుణ, బట్టలారేస్తూ.

మూడో రోజు మేస్త్రి తిట్టలేదు.
అదే కష్టంగా ఉంది.
కళ్లద్దాలు తుడుచుకుని
లక్కలో చిటికెడు రంగు కలిపి
నాలుగు వెంట్రుకల కుంచెతో
చెట్టుని గియ్యడం మొదలెట్టాడు.
ఒక గీత. ఊదాడు.
ఇంకో గీత. టీ తాగాడు.
"ఇది ఏ ఏడు, మేస్త్రీ?" అన్నాను,
ఊరుకోలేక.
"కరువు ఏడు.
దగ్గర దగ్గరగా గీశాను, చూడు."

ఆ తర్వాత పదకొండు పూతలు.
పాత పంచె ముక్కలో దూది ఉండ,
ఒక్క చుక్క కొబ్బరినూనె,
ఎనిమిది అంకె చుట్టుకుంటూ.
పదింటి లోపే ముగించాలి,
తర్వాత మన ఎండకి
స్పిరిట్ చెక్కదాకా రాదు, వేళ్ల దగ్గరే ఎగిరిపోతుంది.
చినుకు పడ్డ పూట ముట్టనివ్వలేదు,
తేమ తాగితే లక్క పాలుపోసినట్టు తెల్లబడుతుందట.
నా గోళ్లు నెల రోజులు తేనె రంగులో ఉన్నాయి.
బ్యాంకులో కౌంటరు అవతల
ఒక పొగాకు రైతు అడిగాడు,
"మీరూ బేరన్ పనికి పోతారా సారూ?"

పత్తి మాత్రం గింజలతో సహా
ఉన్నది ఉన్నట్టే కుక్కాను.

మొదట ఏం వినాలో తేలక
నేను క్యాసెట్ల డబ్బా వెతుకుతుంటే
కరుణ రేడియో మీట తిప్పింది.
మార్కెట్ ధరలు.
తేజ రకం ఇంత, మూడు ముప్పై నాలుగు ఇంత,
తాలు కాయలు ఇంత.
చదివేవాడికి జలుబు చేసినట్టుంది,
గొంతు ఛాతీ అడుగునుంచి వస్తోంది.
'క్వింటాలు' అన్నప్పుడల్లా పెట్టె అదిరి,
ముందున్న గుండ్రటి కన్నంలోంచి
ఎర్రటి పొడి కాస్త కాస్త
బల్ల మీదికి రాలింది.

నేను గుడ్డ కోసం లేచేలోగా
తన కొంగుతోనే తుడిచేసి,
"ఇంతకీ నువ్వు పాడుచేసింది ఏది?" అంది.
దుప్పటి కింద ఎప్పుడు చూసిందో.
రెండింటి దగ్గరా వంగి
వెలుతురుకి అటూ ఇటూ తల తిప్పి చూశాను.
"కుడిది" అన్నాను.
ఎడందేమో.